కంచెకు కట్టిన చీరలు

ఒక ఎండాకాలమంతా మా వీధి ఆడవాళ్ళు నన్ను చూస్తే తలుపులు వేసుకున్నారు. గేటు చప్పుడైతే చాలు, "వచ్చిందమ్మా మాసిన చీరల పాప!" అని లోపల్నుంచి వినబడేది. వాళ్ళను తప్పు పట్టను. సిగ్గున్న వాళ్ళు చేసే పని కాదది. నేను అడిగేది పాత చీర, అదీ కట్టి విడిచిన చీర, ఉతకనిది.

"ఉతకొద్దక్కా. ఒక దినమంతా కట్టుకోండి, చెమట పట్టనీయండి, అట్లనే మడిచి ఇయ్యండి" అనేదాన్ని.

ఎదురింటామె ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "ఏమే, మాసిన చీరలు ఏం చేసుకుంటారే మీ ఇంట్లో? చేతబడి ఏమన్నా చేస్తాండారా?"

"జింకలకు వాసన చూపించాలక్కా."

ఆమె నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. ఆ నవ్వు పుణ్యమా అని రెండు చీరలిచ్చింది. మర్నాటికి ఆ మాట వీధంతా పాకిపోయింది.

నిజానికి అందులో నవ్వాల్సిందేమీ లేదు. రెండు వేల సంవత్సరం దాటాక వరుసగా వానలు తప్పిన రోజులవి. నాకు పద్దెనిమిదేళ్ళు. ఇంటరు పరీక్షలు రాసి, అనంతపురంలో మేము అద్దెకుండే ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. మా అమ్మ వాళ్ళ అక్క, అంటే మా పెద్దమ్మ, విడపనకల్లు దారిలో ఒక పల్లెలో ఉండేది. ఆమెకు మూడెకరాల చేను, అందులో ఒక మూల సన్నగా నీళ్ళు పోసే బోరు. ఆ బోరును నమ్ముకుని ముందటేడు వానాకాలంలో నూటా ఇరవై దానిమ్మ చెట్లు నాటింది. పెదనాయన ఊళ్ళో ఉండేవాడు కాదు. వరసగా పంట ఎండిపోతే, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చెవుల వెనక, కనురెప్పల మీద తెల్లటి దుమ్ము ఉండేది, దాంతో పాటు దగ్గు. దుమ్ము స్నానం చేస్తే పోయేది. దగ్గు పోయేది కాదు.

పెద్దమ్మకు ఆయన ఒక మాట ఇచ్చాడు. ఉగాదికి మా ఇంటికొచ్చినప్పుడు, మా అందరి ముందరే ఇచ్చాడు. "ఈ ఎండాకాలం నీ చెట్లు గట్టెక్కితే, వానలు పడేనాటికి ఆ పని ఇడిసిపెట్టి వచ్చేస్తా. లేదంటే నువ్వే తాడిపత్రికి రావాల. భూమి ఎవరికన్నా గుత్తకిచ్చేద్దాం."

చెట్లు నిలబడితే మొగుడు ఇంటికొస్తాడు. పెద్దమ్మ లెక్క అంతే. మా ఇంట్లో ఆ రెండు మూడు నెలలు ఎవరు ఎవరితో మాట్లాడినా ముందు "అక్క చెట్లు ఎట్లుండాయి?" అనే అడిగేవాళ్ళు.

నీళ్ళ సంగతి పెద్దమ్మ చూసుకుంది. కరెంటు ఉన్న గంటా రెండు గంటల్లో తొట్టి నింపుకుని, బిందెతో చెట్టుకింత పోసేది. తేమ ఆరిపోకుండా ప్రతి చెట్టు మొదట్లో చెనిక్కాయ పొట్టు, అదే వేరుశనగ పొట్టు, పరిచింది. అసలు పీడ జింకలు. ఆ వైపు పొలాల్లో అవి మందలు మందలుగా తిరుగుతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి పిల్లలకు చూపించి మురిసిపోతారు. రైతును అడిగితే తెలుస్తుంది వాటి సంగతి. కనుచూపు మేర పచ్చటి ఆకు లేని ఎండాకాలంలో నూటా ఇరవై లేత చెట్లు కనబడితే ఊరుకుంటాయా?

ముళ్ళతీగ కంచె వేయించే స్తోమత లేదు. అందుకని ఆ వైపు రైతులు చేసే పనే పెద్దమ్మా చేసింది. తోట చుట్టూ కట్టెలు పాతి, కట్టెకూ కట్టెకూ మధ్య పాత చీరలు పొడవునా కట్టింది. గాలికి చీర కొట్టుకుంటుంది, రంగులు కదులుతాయి, ఎవరో మనిషి ఉన్నట్టు జింక బెదిరిపోతుంది. ఇంతవరకు అందరూ చేసేదే. పెద్దమ్మ దీనికి తన సొంత శాస్త్రం ఒకటి చేర్చింది. చీరకు మనిషి వాసన ఉండాలి. ఉతికిన చీర కడితే జింక రెండు రోజులు చూసి, మూడో రోజు దాని కిందనే దూరి వస్తుందని ఆమె నమ్మకం.

అందుకే మాసిన చీరలు. వీధిలో అడగడం, సంచిలో కుక్కడం, వారానికొకసారి బస్సెక్కి తోటకు తీసుకుపోవడం నా పని. మా నాయన బస్సు కండక్టరు కాబట్టి ఆ రూటులో డ్రైవర్లందరికీ నేను తెలుసు. "ఏం పాపా, మళ్ళా కంచె మోసకపోతాండావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. పక్క సీటులో వాళ్ళు వాసనకు మొహం తిప్పుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ సంచీ నాది కానట్టు కిటికీ బయటికి చూస్తూ కూర్చునేదాన్ని.

వీధిలో కొందరు మర్యాదస్తులు ఎంత చెప్పినా ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చేవాళ్ళు. వాటికి పెద్దమ్మ దగ్గర మందుంది. ఆ చీరను ఒక పగలంతా తానే కట్టుకుని తోటలో పని చేసేది. నీళ్ళు మోసి, పాదులు సవరించి, సాయంత్రానికి చెమటకు తడిసి ముద్దయ్యాక విప్పి కంచెకు కట్టేది. అట్లా ఆ ఎండాకాలం మా పెద్దమ్మ రోజుకో చీర కట్టింది. నాలుగు నేత చీరలతో ఏళ్ళు గడిపిన మనిషి, షిఫాన్లు కట్టింది, అద్దాలు కుట్టినవి కట్టింది, ఒకరోజు లేత గులాబి రంగు నైలెక్స్ చీర కట్టి దిబ్బలోంచి పేడ ఎరువు మోసింది.

ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే దారిలో కాచుకుని నిలబడేవాళ్ళు.

"ఏం వదినా, ఈ పొద్దు ఏం చీర?"

"ఈ పొద్దు బ్యాంకు ఆయప్ప పెండ్లాం. నిన్న టీచరమ్మ."

"రేపో?"

"రేపు కలెక్టరు పెండ్లామే. చూస్తాండండి!"

నాకు ఆ తోటకు పోవడం ఇష్టంగానే ఉండేది. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే దూరంనుంచే రంగులు కనబడేవి. చుట్టూ అంతా బూడిద రంగు నేల, మధ్యలో మా వీధి. ఇది మూలింటామెది, ఇది నర్సమ్మది, ఇది మా అమ్మది అని గుర్తుపట్టుకుంటూ కంచె వెంబడి ఒక చుట్టు చుట్టేదాన్ని. కొట్టంలో పెద్దమ్మ సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. తిన్నాక చెట్ల మధ్య తిప్పి, "ఇది నిన్న చిగురు పెట్టింది చూడు, ఇది మొండిది, దీనికి కోపం ఎక్కువ" అని ఒక్కొక్క చెట్టు గుణగణాలు చెప్పేది. నేను ఊఁ కొడుతూ చీరల వైపు చూసేదాన్ని.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. నాకు చెట్ల మీద ప్రేమ లేదు. ఇంట్లో పెరట్లో అమ్మ కనకాంబరాలు, కరివేపాకు, వంగ, టమాటా అన్నీ కడుగు నీళ్ళతోనే పెంచేది. ఒక్క చెంబు పోసి రమ్మంటే మూతి మూడు వంకర్లు తిప్పేదాన్ని. నా పిచ్చి బట్టల మీద. అది కొత్తవి కొనే స్తోమత లేని పిచ్చి. ఆదివారం బజారులో రోడ్డు పక్కన పట్ట పరిచి సెకండ్ హ్యాండు బట్టలు కుప్ప పోసేవాళ్ళు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే వాళ్ళు ఇళ్ళ దగ్గర పోగు చేసినవే అవి, ఉతికి ఇస్త్రీ కొట్టి తెచ్చేవాళ్ళు. ఆ కుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికేదాన్ని. చంకల దగ్గర కుట్టు చూడాలి, మడత లోపల అసలు రంగు చూడాలి, వెలుతురుకు పట్టి చిరుగులు చూడాలి. మంచి గుడ్డ దొరికితే ఇంటికి తెచ్చి, కుట్లు విప్పి, అమ్మ మిషను మీద మళ్ళీ నా కొలతకు కుట్టుకునేదాన్ని. కాలేజీలో పిల్లలు "యాడ కొన్నావే?" అని అడిగితే "బెంగుళూరులో" అనేదాన్ని. నాలుక కూడా తడబడేది కాదు.

ఇక కంచె చీరల సంచి నా చేతిలో ఉన్నప్పుడు నేను ఊరుకుంటానా? పది చీరలు వస్తే రెండు మూడు నావే. ఒకటి లంగా అయింది, ఒకటి చుడీదారయింది, ఒకటి దిండు గలీబులకు పోయింది. అమ్మ కనిపెట్టి తల కొట్టుకుంది. "కంచే చేను మేసినట్టుండాది నీ యవ్వారం. అక్కకు తెలిస్తే ఏమనుకుంటాది?" అంది. అక్కకు తెలియదు కదా అనుకున్నాను నేను.

ఏప్రిల్లో ఒక వారం నేను స్నేహితురాలి ఇంటికి పోయి ఉంటే, అమ్మే చీరలు పోగు చేసి తోటకు పోయి ఇచ్చి వచ్చింది. తరువాతి వారం నేను పోయేసరికి పెద్దమ్మ కొత్త చీరలో ఎదురొచ్చింది. ముదురు నీలం జార్జెట్టు, దాని మీద ఆవపువ్వు రంగులో చిన్న చిన్న పూలు. ఎక్కడా రంగు తగ్గలేదు. ఎవరిచ్చారో మహాతల్లి, అట్లాంటిది కంచెకు ఇవ్వడానికి చేతులెట్లా వచ్చాయో! నా కళ్ళ ముందే పెద్దమ్మ దాని కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"పెద్దమ్మా, ఈ చీర నాకియ్యవా? చుడీదారు కుట్టుకుంటా" అన్నాను.

"అబ్బో! నీకు చుడీదార్లు కుట్టిస్తే నా చెట్లకు గుడ్డలేవే? మూల ఒక సందు ఖాళీగా ఉండాది, సాయంత్రం దానికి కట్టాల" అంది. నవ్వుతూనే అంది. కానీ సాయంత్రం విప్పి, తూర్పు మూల రెండు కట్టెల మధ్య బిగించి కట్టింది. నేనే ఒక కొస పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరాను. పెద్దమ్మ బోరు దగ్గర బిందె నింపుకుంటోంది, అటు తిరిగి ఉంది. నేను తూర్పు మూలకు పోయాను. ముడులు విప్పాను. కొట్టం వెనక ఖాళీ గోనెసంచులు పడి ఉంటే రెండు తీసి, కుట్లు చీల్చి వెడల్పు చేసి, చీర ఉన్న చోట వాటిని కట్టాను. గట్టిగానే కట్టాను. చీర కంటే గోనె మందం కదా, ఇంకా మంచిదే అనుకున్నాను. స్టీలు గిన్నెల వాళ్ళు చేసేది కూడా ఇదే, ఒకటి తీసుకుని ఇంకొకటి ఇస్తారు. అట్లా నాకు నేను చెప్పుకుని చీరను సంచిలో అడుక్కు తోసి, "పోయొస్తా పెద్దమ్మా" అని దూరం నుంచే కేకేసి వచ్చేశాను.

మూడు రోజుల్లో చుడీదారు కుట్టాను. మెడకు పసుపు పైపింగు వేశాను, చీర కొంగుతో చున్నీ చేశాను. వేసుకుని ఒక స్నేహితురాలి అక్క పెళ్ళికి పోతే అందరూ నన్నే చూశారు. ఆ సంతోషం నాలుగు రోజులుంది.

తరువాతి వారం బస్సు దిగి నడిచిపోతే, పెద్దమ్మ తూర్పు మూల నేల మీద కూర్చుని ఉంది. ఆ రోజు పెదనాయన వచ్చే రోజు కూడా. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చెట్ల సాళ్ళ మధ్య నడుస్తున్నాడు. ఆ మూల నలభై చెట్ల దాకా ఆకు లేదు. చిగుర్లు కొరికేసి ఉన్నాయి. పోతు జింకలు కొమ్ములు రుద్దినట్టుంది, కొన్ని మధ్యకు విరిగి వేలాడుతున్నాయి. పాదుల్లో డెక్కల గుర్తులు. గోనెసంచులు మాత్రం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. గాలికి అవి కదలడం లేదు. నేల రంగులో నేల మీద మోడుల్లా నిలబడ్డాయి. దగ్గరికి పోతే చెనిక్కాయల వాసన వచ్చింది. వాటిలో ఎప్పుడో చెనిక్కాయలు పోసి ఉంటారు. జింకల్ని తరమాల్సిన చోట నేను వాటికి తిండి వాసన కట్టి పోయాను.

"ఏమయింది పెద్దమ్మా?" అన్నాను.

"ఏమయ్యేదేముండాది. చీర ఎవరో తీసుకపోయినారు. ఈ మూలకు నీళ్ళ వంతు మొన్న వచ్చింది, అప్పుడు చూసుకున్నా. అప్పటికే అయిపోయింది" అంది.

"దొంగ నా బట్టలు" అని పెదనాయన ఏదో తిట్టబోయాడు. పెద్దమ్మ అడ్డుపడింది.

"ఏంటికి తిడతావు? కట్టుకోను గుడ్డ లేని ఆడమనిషి ఎవరో తీసుకపోయింటుంది లే. పాపం, మర్యాద తెలిసిందే. సందు ఇడిసిపోకుండా సంచులు కట్టి పోయింది. జింకల సంగతి దానికేం తెలుసు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చున్నీ సర్దుకున్నాను. ఆ రోజు నేను వేసుకున్నది వేరే చుడీదారే. అయినా సర్దుకున్నాను. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. ఆమె తిట్టి ఉంటే చెప్పేదాన్నేమో. గుడ్డ లేని ఆడమనిషి అని జాలి పడుతుంటే, బెంగుళూరులో కొన్నానని కోతలు కోసేదాన్ని, ఆ మనిషిని నేనే అని ఎట్లా చెప్పను?

పెదనాయన కొట్టం నీడకు వచ్చి కూర్చున్నాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక అన్నాడు, "ఈ వానలకు రాలేను లే. ఇంకో ఏడు ఆడనే ఉంటా."

"ఎనభై ఉండాయి కదయ్యా ఇంకా. బాగుండాయి" అంది పెద్దమ్మ.

"ఉండాయి. రుచి మరిగిన జింక మళ్ళా రాకుండా ఉంటుందా? ఇంకో ఏడు పోనీ. అప్పుడు చూద్దాం."

పెద్దమ్మ లేచింది. ఆయనకు సంగటి పెట్టింది. తాడిపత్రికి తీసుకుపోవడానికి ఊరిబిండి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆయన సాయంత్రం బస్సుకు పోయాడు. ఆమె నేను తెచ్చిన సంచిలోంచి ఒక చీర తీసి, విప్పిన గోనెల చోట కట్టింది. నేను విరిగి పడ్డ కొమ్మలన్నీ ఏరాను. ఎందుకని ఆమె అడిగితే, "అమ్మ నాటుకుంటుంది" అన్నాను. ఆ కొమ్మల్ని అవే గోనెసంచుల్లో చుట్టి, నీళ్ళు చల్లి, బస్సులో ఇంటికి తెచ్చాను. కొమ్మల కోసమే తెచ్చానో, ఆ సంచులు ఆమె కంటికి కనబడకుండా చేయాలని తెచ్చానో, రెండూ నిజమే.

ఇంటికి రాగానే చుడీదారును ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. అమ్మను కొమ్మలు నాటడం నేర్పమన్నాను.

అమ్మ నన్ను కింద నుంచి పైకి చూసింది. "నువ్వా? చెట్లా? ఒళ్ళు బాగుండాది కదా?"

"నేర్పమ్మా ఊరికే."

నేర్పింది. పెన్సిలు లావు కొమ్మలే తీసుకోవాలి, కింది కొస ఏటవాలుగా కోయాలి, రెండు కణుపులు మట్టిలో ఉండాలి. పాల కవర్లకు సూదితో బెజ్జాలు పెట్టి, మట్టి, ఇసుక, మాగిన పేడ కలిపి నింపాం. యాభై నాలుగు కవర్లు. పెరటి గోడ వారగా వరసగా పెట్టి, పైన పాత చీర పందిరిలా కట్టాం. కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. తాగడానికే చాలని నీళ్ళు వాటికెక్కడివి? బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి పట్టి పోసేదాన్ని. సబ్బు నీళ్ళు పనికిరావని అమ్మ అంటే, నా స్నానం ముందు సబ్బు లేకుండా బేసినులో నిలబడి పోసుకుని, ఆ నీళ్ళు తీశాక మళ్ళీ సబ్బు రుద్దుకునేదాన్ని. ఎదురింటామె గోడ మీద నుంచి చూసి, "ఏమే, జింకలు అయిపోయినాయి, ఇప్పుడు చెట్లకు వాసన చూపిస్తాండావా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మొదటి ఇరవై రోజులు ఒక్కటీ కదల్లేదు. రోజూ పొద్దున లేచి చూసేదాన్ని. గోరుతో గీరి చూస్తే లోపల పచ్చగా ఉన్నాయో లేదో తెలుస్తుందని అమ్మ చెప్పింది. ఆ గీరడంతోనే రెండు మూడు చచ్చాయి. "దాన్ని బతకనీయవే!" అని అమ్మ నా చేతి మీద కొట్టింది. ఒకరోజు ఒక కణుపు దగ్గర ఎర్రటి మొన కనబడింది. సూది మొన కంటే పెద్దది కాదు. అమ్మను కేకేసి పిలిచాను, అమ్మ పాలు పొంగుతుంటే వదిలేసి వచ్చింది. చివరికి ముప్పై ఒకటి నిలిచాయి. తోటలో చచ్చినవి ముప్పై, తక్కినవి మళ్ళీ చిగిర్చాయని పెద్దమ్మ కబురు పెట్టింది. నా దగ్గర ఒకటి ఎక్కువే ఉంది.

ఆగస్టులో రెండు వానలు పడ్డాక వాటిని తీసుకుపోదామన్నాను. అమ్మ అట్టపెట్టెల్లో సర్దింది. కంచెకు కొన్ని చీరలు కూడా వేరే సంచిలో పెట్టి ఇచ్చింది. "ఆ నీలం చుడీదారు ఏమయిందే? ఒక్కసారే వేసినావు" అని సర్దుతూ సర్దుతూ అడిగింది. "బిగువయింది" అన్నాను.

తోటలో పెద్దమ్మ చెట్లను చూసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "ఇన్ని నువ్వే పెంచినావా? నిజం చెప్పు!" ఒక్కొక్క కవరూ పైకెత్తి వేర్లు చూసింది. ఆ తర్వాత చీరల సంచి బోర్లించింది. మూడు చీరల కింద నా నీలం చుడీదారు బయటపడింది.

అమ్మే పెట్టింది. తెలిసి పెట్టిందో, తెలియక పెట్టిందో ఇప్పటికీ చెప్పదు. అడిగితే "ఏమో, పాత బట్టల్లో కలిసిపోయిందేమో" అంటుంది. ట్రంకుపెట్టె అడుగున ఉన్నది తనంతట తాను ఎట్లా కలుస్తుంది?

పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ చీరను ఒక పగలంతా ఒంటి మీద మోసిన మనిషి, ఆ పూలు మర్చిపోతుందా? అటూ ఇటూ తిప్పింది. కుట్లు చూసింది. మెడ దగ్గర పసుపు పైపింగు మీద బొటనవేలితో రాసింది.

"బాగా కుట్టినావు" అంది.

"పెద్దమ్మా, ఆ పొద్దు నేను..."

"గమ్మునుండు." గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "సబ్బు వాసన. ఉతికింది ఏం పనికొస్తాది? పో, కొట్టంలోకి పోయి వేసుకునిరా."

వేసుకుని వచ్చాను. పార నా చేతికిచ్చింది. ఎండిపోయిన ముప్పై చెట్లనూ పీకించింది. ముప్పై గుంతలూ నాతోనే తవ్వించింది. వాన పడ్డా లోపల నేల గట్టిగానే ఉంది. పదో గుంతకు చేతులు బొబ్బలెక్కాయి. ఆమె ఒక్క గుంతకూ సాయం పట్టలేదు, ఒక్క మాటా తిట్టలేదు. గుంత అయితే చెట్టు అందించేది, నాటితే బిందె అందించేది. ఆ సరదా చుడీదారు వీపంతా అంటుకుపోయింది, పైపింగు మీద మట్టి, మోకాళ్ళ దగ్గర చిరుగు. పొద్దు వాలేసరికి ముప్పై అయ్యాయి. మిగిలిన ఒకదాన్ని కొట్టం పక్కన నాటింది తనే.

"ఇంక ఇప్పు" అని కట్టుకోవడానికి తన నేత చీర ఒకటిచ్చింది.

తూర్పు మూల కంచె దగ్గర కమీజు చేతులు ఒక కట్టెకు, ప్యాంటు కాళ్ళు ఇంకో కట్టెకు కట్టి, మధ్యలో చున్నీ బిగించాను. గాలికి అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ వచ్చి ముడులు లాగి చూసింది.

"ఒకసారి వద్దంటాం. ఎవరైనా అంటారు" అంది. "ఇంకోసారి అడిగింటే ఇచ్చేదాన్ని కదే."

అప్పుడు ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "పద, సంగటి తిందువు" అంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

పెదనాయన చెప్పినట్టే ఇంకో ఏడు అక్కడే ఉన్నాడు. మరుసటేడు వానలకు వచ్చేశాడు, మళ్ళీ పోలేదు. వచ్చేటప్పటికి దగ్గు ముదిరింది. రెండు మెట్లెక్కితే నిలబడాల్సి వచ్చేది. అంతకుముందు ఏళ్ళ దుమ్ము కూడా ఉంది కదా, ఆ ఒక్క ఏడాదితోనే వచ్చిందా అని అమ్మ అంటుంది. అదీ నిజమే. కానీ ఆ ఒక్క ఏడాది దుమ్ము మాత్రం నాది. ఎవరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను.

ఇంకో రెండేళ్ళకు కాపు వచ్చినప్పుడు నేను తోటకు పోయాను. కొట్టం ముందర ముగ్గురం కూర్చుని కాయ ఒలుచుకుని తింటున్నాం. పెదనాయన తూర్పు మూల వైపు చూపించి అడిగాడు, "ఆ మూల చెట్లేంటికే ఇంకా అంత పొట్టిగానే ఉండాయి?"

"అవి పట్నం చెట్లు" అంది పెద్దమ్మ, నా వైపు చూడకుండా. "ఆలస్యంగా వచ్చినాయి. పాపే పెంచి తెచ్చింది."

"అవునా? మంచి పని చేసినావు పాపా" అన్నాడు ఆయన. ఇంకేదో అనబోతే దగ్గు తెర వచ్చింది. పెద్దమ్మ నీళ్ళకు లేవబోయింది. నేను ముందే లేచి పోయి చెంబు తెచ్చాను. ఆ తెర తగ్గేదాకా చెంబు పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను.